ఇరుకులో గింగిరాలు

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి బజారుల్లో సోడా కొట్టే అంగడికి పోతే ఓ మూలన ఇనప సిలిండరు నిలబెట్టి ఉంటుంది. అందులో ఉండేది మన పాత సైన్సు పుస్తకాలు బొగ్గుపులుసు వాయువన్న కార్బన్ డయాక్సైడ్. డిసెంబరు తెల్లవారుజామున ఆ సిలిండరులో అడుగున ద్రవం, దాని మీద ఆవిరి, రెంటికీ నడుమ ఒక మట్టం ఉంటాయి. అదే సిలిండరు మే నెల మిట్టమధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన ఎండలో ఉన్నప్పుడు లోపల ద్రవం ఉండదు, ఆవిరీ ఉండదు. చుక్క కారలేదు, ఎవరూ వాడలేదు. మట్టం మాత్రం మాయమైపోయింది. లోపలున్నది ద్రవమంత చిక్కగా ఉండి, వాయువులాగా సిలిండరంతా పరుచుకున్న ఒకే ప్రవాహి.

దీనికి కారణం 31 డిగ్రీల సెల్సియస్. కార్బన్ డయాక్సైడుకు అది సందిగ్ధ ఉష్ణోగ్రత. ఆ గీత దాటాక ఎంత నొక్కినా అది ద్రవంగా, ఆవిరిగా విడిపోదు. ఐర్లండులోని బెల్‌ఫాస్టులో థామస్ ఆండ్రూస్ గాజు గొట్టాల్లో ఈ వాయువును నొక్కుతూ, వేడి చేస్తూ ఈ సంగతి కనిపెట్టి 1869లో లోకానికి చెప్పాడు. ఆయన కొలిచింది 30.92 డిగ్రీలు. నేటి లెక్కకూ దానికీ తేడా ఇంచుమించు లేదు. చలిదేశం కనుక ఆయన గొట్టాన్ని వేడి చేయాల్సి వచ్చింది. రోహిణి కార్తెలో ఉదయగిరి కొండ కింద కూర్చొని ఆ ప్రయోగం చేసి ఉంటే, ద్రవాన్ని చూడటానికే గొట్టాన్ని చల్లబరచాల్సి వచ్చేది.

ఆ చిక్కటి ప్రవాహిలో ఒక్కొక్క అణువు ఏం చేస్తుందన్నదే ఇక్కడి విషయం. ముఖ్యంగా, అది గిరగిరా తిరగగలదా? తిరుగుతోందో లేదో బయట నుంచి మనకెలా తెలుస్తుంది? దాన్ని ఏ సూక్ష్మదర్శినితోనూ చూడలేం. చెప్పగలిగేది పరారుణ కాంతి. అంటే మన కంటికి కనబడకుండా, ఒంటికి వేడిగా తగిలే వెలుగు.

ముందు కొలతలు చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ అణువు ఒక చిన్న కర్ర లాంటిది. నడుమ కార్బన్, రెండు కొసల్లో ఆక్సిజన్లు, మూడూ ఒకే వరసలో. దాని పొడవు సుమారు అర నానోమీటరు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మామూలు పీడనం దగ్గర వాయువుగా ఉన్నప్పుడు ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య సగటు దూరం సుమారు 3.4 నానోమీటర్లు. నిండా గ్యాసు పట్టించిన సిలిండరులో ఒక లీటరు చోటులో మూడింట రెండు వంతుల కిలో దాకా కుక్కి ఉంటుంది. అక్కడ సగటు దూరం అర నానోమీటరు కన్నా కాస్త తక్కువే. అంటే తన పొడవంత చోటు కూడా దానికి మిగల్లేదు.

ఆరుబయట కర్రసాము చేసేవాడి కర్ర పూర్తి చుట్లు తిరుగుతుంది. అదే మనిషి తిరునాళ్ల జనంలో ఇరుక్కొని కర్ర తిప్పబోతే ఎవరి భుజానికో తగిలి ఆగుతుంది, ఎవరి మోచేయో తోస్తే ఇంకో పక్కకు మళ్లుతుంది. అణువు సంగతీ అంతే. ఈ వేసవి వేడిలో కార్బన్ డయాక్సైడ్ అణువు ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం సుమారు 2 పికోసెకన్లు. సెకనులో లక్ష కోట్ల వంతును పికోసెకను అంటారు. మామూలు పీడనంలో ఒక తాకిడికీ మరో తాకిడికీ నడుమ వంద పికోసెకన్లకు పైనే సందు దొరుకుతుంది. ఆ సందులో అణువు యాభై అరవై చుట్లు హాయిగా తిరిగేస్తుంది. సిలిండరులో అయితే ఒక పికోసెకనైనా గడవకముందే ఎవరో ఒకరు తోస్తారు. అర చుట్టైనా పూర్తి కాదు.

ఇక కాంతి దగ్గరికి వద్దాం. పరారుణ కాంతిని అణువు మింగాలంటే దానిలో విద్యుదావేశం అటూ ఇటూ ఊగాలి. కార్బన్ డయాక్సైడులో ఆక్సిజన్ల వైపు కాస్త రుణం, కార్బన్ వైపు కాస్త ధనం ఉంటాయి. కానీ అణువు రెండు పక్కలా సమంగా ఉండటం వల్ల లెక్క సరిపోయి ఏమీ మిగలదు. ఒక పక్క బంధం సాగుతూ ఇంకో పక్కది కుదించుకుపోయినప్పుడు మాత్రం ఆ సమతూకం చెడుతుంది. అప్పుడు అది ఒక చిన్న ఏరియల్ లాగా పనిచేసి కాంతిని పట్టుకుంటుంది. ఆ ఊపుకు సరిపడే కాంతి తరంగదైర్ఘ్యం 4.26 మైక్రాన్లు. వర్ణపట శాస్త్రవేత్తలు దీన్ని మరో తీరులో లెక్కిస్తారు. ఒక సెంటీమీటరులో ఎన్ని అలలు పడతాయో చెబుతారు. ఆ లెక్కన ఇది 2349.

ఊగే అణువు ఊరికే ఉండదు, తిరుగుతూ ఊగుతుంది. తిరిగే వేగం ఊగే వేగానికి కలుస్తుంది, లేదా దాన్నుంచి తీసివేత అవుతుంది. అందుకే 2349 దగ్గర ఒక్క గీత ఉండాల్సింది పోయి, దానికి ఆ పక్కా ఈ పక్కా రెండు మూపులు కనబడతాయి. సరిగ్గా 2349 దగ్గర లోయ ఉంటుంది. ఇంకా నిశితంగా చూసే పరికరం ఉంటే ఆ మూపులు దువ్వెన పళ్లలా విడివిడి గీతలుగా చీలతాయి. అణువు తనకు నచ్చిన వేగంతో తిరగలేదు, క్వాంటం నియమం ఒప్పుకున్న మెట్ల మీదే తిరగాలి. ఒక్కో గీత ఒక్కో మెట్టు. ఈ రెండు మూపులకు భ్రమణమే కారణమని 1912లో డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బ్యెర్రుమ్ ఊహించి చెప్పాడు. 1919లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి భౌతిక శాస్త్రవేత్త ఎల్మర్ ఐమ్స్ హైడ్రోజన్ క్లోరైడు వాయువు మూపులను గీతలుగా విడదీసి చూపించాడు. అణువులు మెట్ల మీదే తిరుగుతాయనడానికి అంత శుభ్రమైన రుజువు అప్పటికి లేదు.

ఆ గీతలను లెక్కపెట్టి అణువు ఆకారాన్ని, బంధాల పొడవును రాబట్టడం తర్వాత ఒక పెద్ద విద్య అయింది. ఆంధ్రదేశం నుంచి వెళ్లిన కె. నరహరి రావు అమెరికాలోని ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో జీవితమంతా ఈ పని మీదే కూర్చున్నారు. అక్కడ ఏటా జరుగుతూ వచ్చిన అణు వర్ణపట శాస్త్ర సదస్సుకు చాలాకాలం పెద్దదిక్కు ఆయనే. ఆ తరహా పరిశోధకులకు తాకిడులంటే గిట్టదు. గీత సన్నగా రావాలంటే వాయువును పలచబరచాలి. చిక్కటి ప్రవాహుల మీద పనిచేసేవాళ్ల దారి దీనికి పూర్తిగా ఎదురు, వాళ్లకు కావలసిందే తాకిడి. అణువులు ఒంటరిగా ఎలా తిరుగుతాయో తెలిసిపోయింది. లోకంలో ఎక్కువ రసాయనం నడిచేది ద్రవాల్లో. అక్కడ ఎలా తిరుగుతాయన్నదే తేలని లెక్క.

ఈ రెండో దారిలోనూ మనవాళ్ల అడుగులున్నాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928లో కలకత్తాలో తన పేరిట నిలిచిన ప్రభావాన్ని కనుక్కున్నప్పుడు, ద్రవాలు వెదజల్లిన కాంతిలో అసలు గీతకు రెండు పక్కలా రెక్కల్లా పరుచుకున్న మసక వెలుగు కూడా ఆ బృందం కంటపడింది. ద్రవంలో అణువులు అటూ ఇటూ మళ్లడమే ఆ రెక్కలకు మూలం. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఆ రోజుల్లోనే రామన్ దగ్గర చేరారు. ఇలా వెదజల్లిన కాంతి ధ్రువణాన్ని ఆధారంగా చేసుకొని, కాంతికణానికి తనదైన భ్రమణం ఉందని 1931లో ఇద్దరూ కలిసి వాదించారు. తర్వాత భగవంతం వాల్తేరుకు వచ్చారు. కాంతి వెదజల్లడం గురించి, రామన్ ప్రభావం గురించి ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. కాంతి రెక్కల్లో అణువుల కదలికను చదవవచ్చన్న ఆలోచన ఆ తరం తెలుగు భౌతిక శాస్త్ర విద్యార్థులకు కొత్తేమీ కాదు.

ఇప్పుడు మెల్లగా నొక్కుదాం. ఒక వాతావరణం దగ్గర కార్బన్ డయాక్సైడు గీతలు విడివిడిగా ఉంటాయి. గీతకూ గీతకూ నడుమ ఎడం సుమారు ఒకటిన్నర అలలు. ఒక్కో గీత లావు అందులో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. పీడనం పెంచే కొద్దీ తాకిడులు పెరిగి, ఫలానా మెట్టు మీద ఫలానా వేగమని చెప్పుకునే వ్యవధి అణువుకు తగ్గిపోతుంది. వ్యవధి తగ్గితే గీత లావెక్కుతుంది. పది వాతావరణాలు వచ్చేసరికి పక్కపక్క గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దువ్వెన పళ్లు పోయి, నున్నటి రెండు మూపులు మిగులుతాయి.

ఇంకా నొక్కితే ఏమవుతుంది? తాకిడులు పెరిగాయి కాబట్టి ఇంకా లావుగా, ఇంకా చెల్లాచెదురుగా అవుతుందనే అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. రెండు మూపులూ నడిమికి జరుగుతాయి. ఇంతకుముందు లోయ ఉన్నచోటే శిఖరం లేస్తుంది. మొత్తం పట్టీ ఒక్క కొండగా మారి, చిక్కదనం పెరిగే కొద్దీ సన్నబడుతుంది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. కారణం చాలా సరళం. తాకిడులు మరీ ఎక్కువైతే అణువు ఒక పక్కకు కాస్త మళ్లేలోపే వెనక్కి తోసివేయబడుతుంది. ఒక అడుగు ముందుకు, అరడుగు వెనక్కి, మళ్లీ పక్కకు. కలియబెట్టి చూస్తే, దాని ముఖం మొదట ఏ దిక్కున ఉందో ఆ దిక్కునే ఎక్కువసేపు ఉండిపోతుంది. భ్రమణం వల్ల వచ్చే కూడిక, తీసివేతలు చెల్లిపోతాయి. కాంతికి వినబడేది ఇక నడిమి ఊపు ఒక్కటే. ఇలా చిన్నచిన్న అడుగులతో దిక్కు మారడాన్ని భ్రమణ వ్యాపనంగా లెక్కకట్టినవాడు పీటర్ డెబై. 1929 నాటికే ఆయన పుస్తకం వచ్చింది.

అయితే పట్టీ ఆకారంలో దాగున్న సమాచారాన్ని పూర్తిగా బయటికి లాగే ఉపాయం 1965లో హార్వర్డుకు చెందిన రాయ్ గోర్డన్ చూపించాడు. ద్రవంలో పట్టీని జాగ్రత్తగా కొలిచి, ఫూరియే గణితంతో తిరగేస్తే, సగటున ఒక అణువు తన మొదటి దిక్కును ఎంతసేపు గుర్తుంచుకుంటుందో పికోసెకన్లలో గ్రాఫు వస్తుంది. పట్టీ పాదాల దగ్గర పలచటి రెక్కల్లో మొదటి లిప్తపాటు స్వేచ్ఛ కనిపిస్తుంది. ఎంత ఇరుకులోనైనా తాకిడి తగిలేదాకా అణువు స్వేచ్ఛగానే తిరుగుతుంది కనుక ఆ రెక్కలు చెరిగిపోవు. నడిమి శిఖరంలో కనిపించేది తర్వాతి నెమ్మదైన మళ్లింపు. ఒకే పట్టీలో రెండు కాలాల కథ ఉంటుంది.

ఇదంతా చూడాలంటే భారీ యంత్రాలు కావాలనేం లేదు. పరారుణ వర్ణమాపకం ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా పరికరం ముందు ఖాళీగా ఉన్నప్పుడు తీసిన పటంలో 2350 పరిసరాల్లో రెండు మూపులు కనబడతాయి. అది గదిలోని గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడు, అక్కడున్నవాళ్లు వదిలిన ఊపిరి. విద్యార్థులు దాన్ని చెత్తగా భావించి తీసివేయడం నేర్చుకుంటారు. అదే పరికరంలో గోలీ సోడా చుక్క పెట్టి చూస్తే, నీళ్లలో కరిగిన అదే వాయువు 2343 దగ్గర ఒక్క సన్నటి శిఖరంగా కనిపిస్తుంది. నీటి అణువులు చుట్టూ చేరి దాన్ని తిరగనివ్వలేదు. శిఖరం ఆరు అలలు కిందికి జరగడం కూడా ఆ చుట్టుపక్కలవాళ్ల లాగుడే. ఎమ్మెస్సీ చదివే పిల్లలకు క్వాంటం మెకానిక్సు బోర్డు మీద నేర్పే బదులు ఈ రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే సగం పాఠం అయిపోతుంది.

గాలిలో ఉన్నప్పటి ఆ భ్రమణానికి మన రాత్రుల మీద కూడా పెత్తనముంది. పగలంతా కాగిన ఉదయగిరి కొండ రాత్రి పరారుణంగా వేడిని కక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్ దాన్ని పట్టుకునేది ముఖ్యంగా 15 మైక్రాన్ల దగ్గర, అణువు నడుమ వంగి లేచే ఊపుతో. అణువులు తిరగకపోతే ఆ శోషణ ఒక సన్నటి చారలో ముగిసేది. తిరుగుతున్నాయి కనుక చార రెండు పక్కలా గీతలుగీతలుగా విప్పారి, వేడి తప్పించుకునే దారిలో చాలా మేర ఆక్రమించింది. గాలిలో ఈ వాయువు పాలు పది లక్షల్లో 420 భాగాలు దాటింది. నడిమి చార ఎప్పుడో నిండిపోయినా, పెరిగే ప్రతి భాగమూ అంచుల్లోని బలహీన గీతల ద్వారా తన పని చేస్తూనే ఉంది. కార్బన్ డయాక్సైడు శోషణ ఇప్పటికే నిండిపోయింది, ఇక పెరిగినా నష్టం లేదని వాదించేవాళ్లు ఈ అంచులను మరచిపోతారు.

తిరిగి సిలిండరులోకి వెళ్దాం. అక్కడ ఇంకో వింత ఉంది. కార్బన్ డయాక్సైడులో రెండు బంధాలూ ఒకేసారి సాగి, ఒకేసారి కుంచించుకునే ఊపు ఒకటుంది. అందులో సమతూకం చెడదు కాబట్టి ఒంటరి అణువు ఆ ఊపుతో పరారుణ కాంతిని మింగదు. రామన్ వర్ణపటంలోనే అది 1285, 1388 దగ్గర జంటగా కనబడుతుంది. కానీ చిక్కటి ప్రవాహిలో పక్క అణువులు ఒరుసుకొని ఎలక్ట్రాన్ మబ్బును వంకర చేస్తాయి. ఆ క్షణానికి సమతూకం పోతుంది, నిషిద్ధమైన ఊపు కూడా కాంతిని మింగేస్తుంది. 1949లో కెనడాలోని టొరాంటోలో వెల్ష్, క్రాఫోర్డ్, లాక్ అనే ముగ్గురు నొక్కిన వాయువుల్లో దీన్ని పట్టుకున్నారు. పరారుణానికి పూర్తిగా పారదర్శకమనుకున్న ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ కూడా గుంపుగా నొక్కితే కాంతిని మింగాయి. గుర్తుపట్టడం సులువు: చిక్కదనం రెట్టింపైతే ఈ శోషణ నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే ఇది ఒక్కరి పని కాదు, జంటల పని.

ఈ జంటల పని లేకుండా శుక్రగ్రహం వేడి లెక్క తేలదు. అక్కడి నేల మీద పీడనం సుమారు 92 బార్లు, వేడి 464 డిగ్రీలు, గాలిలో నూటికి 96 పాళ్లకు పైగా కార్బన్ డయాక్సైడే. మన సోడా సిలిండరు వేసవిలో చేరే స్థితిలోనే, సందిగ్ధ గీతకు పైన, ఆ గ్రహం అడుగు ఎప్పుడూ ఉంటుంది. చిక్కదనంలో మాత్రం మన సిలిండరుదే పైచేయి. శుక్రుడి నేల మీది గాలి లీటరు 65 గ్రాములు, సిలిండరులోది దానికి పది రెట్లు.

ఇంత చెప్పాక, ఇరుకులో ఎవరూ పూర్తి చుట్టు తిరగలేరనే అనిపిస్తుంది. ఒకే ఒక్క అణువు ఆ మాట వినదు. అది హైడ్రోజన్. దాన్ని పెద్ద ఎత్తున ద్రవంగా వాడే చోటు ఆత్మకూరుకు మరీ దూరమేం కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట. జీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 రాకెట్ల పై దశలో పోసే ఇంధనం సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గరుండే ద్రవ హైడ్రోజన్. 1929లో టొరాంటోలోనే మెక్లెనన్, మెక్లియాడ్ ఆ ద్రవం నుంచి వెదజల్లిన కాంతిలో 354, 587 దగ్గర భ్రమణ గీతలు విడివిడిగా, వాయువులో ఉన్నట్టే చూశారు. తర్వాత టొరాంటోలో జంట శోషణ కనుక్కున్నాక ఆ గీతలే ద్రవ హైడ్రోజన్ పరారుణ వర్ణపటంలోనూ దొరికాయి. గురుగ్రహం మీదుగా పోయిన వాయేజర్ నౌకల పరారుణ పరికరానికి కనబడ్డవీ అవే.

ద్రవంలో హైడ్రోజన్ ఎలా తిరగగలుగుతోంది? అది మరీ తేలిక, పైగా ఇంచుమించు గుండ్రం. పక్కవాళ్ల భుజాలకు తగలదు. అంతకన్నా పెద్ద సంగతి, దాని భ్రమణ మెట్లు చాలా ఎత్తు. కార్బన్ డయాక్సైడు మెట్ల కన్నా నూట యాభై రెట్లు. 354 అలల మెట్టు ఎక్కించాలంటే కావలసిన శక్తిలో, ఆ చలిలో పక్క అణువుల తోపుడుకు ఉండేది ఇరవై అయిదో వంతు మాత్రమే. ఎంత తోసినా మెట్టు మారదు.

ఈ మొండితనం రాకెట్ వాళ్లకు ఖర్చు కింద వచ్చి పడుతుంది. మామూలు వేడిలో హైడ్రోజన్ అణువుల్లో నాలుగింట మూడు వంతులు ఆర్థో రకం. వాటి కేంద్రకాల భ్రమణాలు ఒకే దిక్కున ఉండటం వల్ల, ఎంత చల్లబరిచినా అవి భ్రమణం పూర్తిగా ఆపలేవు, మొదటి మెట్టు మీదే ఉండిపోతాయి. మిగిలిన పారా రకానికే అసలు తిరగకుండా కూర్చునే వీలుంది. 587 గీత ఆర్థోది, 354 పారాది. ఏ గీత ఎంత ఉందో చూస్తే ద్రవంలో ఏ రకం ఎంతుందో తెలిసిపోతుంది. ద్రవమైన తర్వాత ఆర్థో అణువులు రోజుల తరబడి మెల్లమెల్లగా పారాగా మారుతూ, దాచుకున్న భ్రమణ శక్తిని వేడిగా వదులుతాయి. మొత్తం మారేసరికి కిలోకు సుమారు 527 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. ఒక కిలో ద్రవ హైడ్రోజన్‌ను మరిగించి ఆవిరి చేయడానికి కావలసింది 446 కిలోజౌళ్లే. అంటే వేడి చొరబడకుండా ఎంత బాగా కట్టిన ట్యాంకైనా సరే, బయటి వేడి చుక్కంత చేరకపోయినా, లోపలి భ్రమణమే ద్రవంలో చాలా భాగాన్ని ఆవిరి చేసేయగలదు. అందుకే హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చే పెద్ద కర్మాగారాల్లో చల్లబరిచే దారిలోనే ఐరన్ ఆక్సైడ్ లాంటి ఉత్ప్రేరకం మీదుగా దాన్ని పంపి, ఆర్థోను ముందే పారాగా మార్చి, ఆ తర్వాతే ట్యాంకుల్లో నింపుతారు.